మా బావ చేతిలో కట్టర్

మా షాపు సొంత పేరుతో అమ్మే కట్టర్ మంచిదేనా అని రోజుకు నలుగురైనా నన్నడుగుతారు. మంచిదే. మా బావ చేతిలో. ఈ రెండో ముక్క నేను పైకి అనను. అంటే ఉద్యోగం ఊడుతుంది, పైగా కొనేవాడికి అది ఎక్కదు. వాడు ధర చూస్తాడు, డబ్బా చూస్తాడు, నా మొహం చూస్తాడు, గ్యారంటీ ఉందా అంటాడు. ఉందండీ బాబూ, ఏడాదిపాటు ఉంది. మిషనుకుంది. మీ వేళ్ళకు లేదు.

మాది మూడంతస్తుల షాపు. కింద గిన్నెలూ బకెట్లూ, మధ్యలో మిక్సీలూ ఇస్త్రీ పెట్టెలూ, పైన పనిముట్లు. పై అంతస్తు నాది. ఆకుపచ్చ చొక్కా వేసుకుని, జేబు మీద షాపు గుర్తు పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడతాను. మూడేళ్ళ కిందట మా యజమానులకు సొంత పేరు మీద సరుకు అమ్ముకోవాలన్న బుద్ధి పుట్టింది. ఎవరో ఎక్కడో తయారుచేసినవాటి మీద మన పేరు అచ్చేయించడం, ఆకుపచ్చ డబ్బాలో పెట్టడం, పేరున్న కంపెనీ ధరలో మూడో వంతుకు ఇవ్వడం. అంతే సంగతి. అదంతా చెత్త అని నేననను. మా సుత్తి బాగుంటుంది. సుత్తిలో చెడిపోవడానికి ఏముంది గనక? స్క్రూడ్రైవర్లు ఇంట్లో వాడుకోవడానికి బాగానే పనికొస్తాయి. మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె మా షాపుదే, రెండేళ్ళయినా కిక్కురుమనకుండా పనిచేస్తోంది. నా ఏడుపంతా కట్టర్ గురించే. కట్టరంటే చేతిలో పట్టుకుని చెక్క కోసే కరెంటు రంపం. ముందు గుండ్రంగా పళ్ళున్న బ్లేడు తిరుగుతుంటుంది, రెండు చేతులా పట్టుకుని ముందుకు తోసుకుంటూ పోవాలి.

మొదట్లో అది అమ్ముడుపోలేదు. ఆరు నెలలపాటు డబ్బాల మీద దుమ్ము దులపడమే నా పని. ఒకరోజు మా మేనేజరు వచ్చి, "జనానికి నమ్మకం కుదరట్లేదయ్యా. ఎవరైనా పనివాడు ఇక్కడే కోసి చూపిస్తే బాగుంటుంది" అన్నాడు. నేను నోరు మూసుకుని ఉండొచ్చు కదా! ఉండలేదు. "మా బావ ఉన్నాడు సార్, పెద్ద మేస్త్రి" అన్నాను. ఆ మాట అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు.

మా అక్క మొగుడు చెయ్యి తిరిగిన వడ్రంగి. ముక్కు మీద కోపం, పొగడ్తంటే చెవి కోసుకుంటాడు. ఒకసారి ఎవరింట్లోనో తలుపు బిగిస్తుంటే ఇంటాయన తుప్పు పట్టిన రంపం ఒకటి తెచ్చి, దీంతో ఏమైనా అవుతుందా మేస్త్రీ అన్నాడట. బావ ఆ రంపంతోనే గడప కోసి, అగ్గిపుల్ల కూడా దూరకుండా అతికించి వచ్చాడు. ఆ కథ ఇప్పటికి నాకు వందసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ, "పనిముట్టులో ఏముందిరా, ఉన్నదంతా చేతిలోనే ఉంది" అని ముగిస్తాడు. అక్క లోపలి నుంచి, "ఆ చేతికి కాస్త ఇంట్లో ఊడిపోయిన గొళ్ళెం కూడా కనపడితే బాగుండు" అనేది.

ప్రతి ఆదివారం పదకొండింటికి షాపు పై అంతస్తులో బల్ల వేసేవాళ్ళం. మైకు పట్టుకుని నేను నాకు తెలిసినంత గొప్పగా అరిచేవాణ్ణి. బావ చెక్క మీద పెన్సిలుతో గీత గీసి, మీట నొక్కి, ఆ గీత మీద వెంట్రుకవాసి తేడా రాకుండా కోసి పడేసేవాడు. జనం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. ఒకాయన తెగిన అంచు మీద వేలు రాసి చూసి, "వెన్నలా ఉంది" అన్నాడు. ఇంకో ఆయన, "ఈ ధరలో ఇలాంటి మిషనా!" అన్నాడు. బావ మొహం వెలిగిపోయేది. తను మిషను అమ్ముతున్నాడన్న సంగతే మరిచిపోయి, తన పని చూసి మురిసిపోతున్నారనుకునేవాడు. మాకు మాత్రం డబ్బాలు చకచకా పోయాయి. రెండేళ్ళు అలా గడిచింది.

బావకు ఒక తమ్ముడు. నేను చిన్నబావ అంటాను. నోట్లో నాలుక లేని మనిషి. బావలా తన పని గురించి గొప్పలు చెప్పుకోవడం ఎన్నడూ ఎరగడు. పద్నాలుగేళ్ళు ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పెద్ద మిషను దగ్గర పనిచేశాడు. నేలకు బోల్టులు వేసి బిగించిన మిషను అది, బల్ల అంత వెడల్పు. ఎంత గట్టి చెక్క పెట్టినా సరే, తోస్తూ పోతే కోస్తూ పోతుంది. రోజుకు రెండొందల చెక్కలు దాని మీద నడిపేవాడు. ఒక్కరోజు ఒక్క చెక్క పాడుచేసిన పాపాన పోలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఐదు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఎవరినీ అడగలేడు, ఎవరి దగ్గరికీ వెళ్ళలేడు. చివరికి ఒక బడివాళ్ళు పుస్తకాల అరలు చేసిపెట్టమని పిలిచారు. సొంతంగా దొరికిన మొదటి పని. ఇది బాగా చేస్తే ఆ బడిదే ఇంకో భవనం ఉంది, దాని పనీ ఇస్తామన్నారు. చిన్నబావ మొహంలో నవ్వు చూసి చాలా రోజులైంది, ఆరోజు చూశాను.

కట్టర్ కొనాలి. మా బావ ఇంట్లో కూర్చుని ఉండగా చిన్నబావ వాళ్ళన్నను అడిగాడు.

"అన్నయ్యా, పేరున్న కంపెనీది తీసుకోనా, మీ షాపుదే తీసుకోనా? ఆ కంపెనీదైతే ఇప్పుడు నా వల్ల కాదు, రెండు నెలలు ఆగాలి."

"రెండు నెలలు ఆగితే బడివాళ్ళు ఆగుతారట్రా? షాపుదే తీసుకో. ప్రతి ఆదివారం నేను కోస్తున్నానుగా, కళ్ళారా చూస్తున్నావుగా!"

"నువ్వు కోస్తే వేరు అన్నయ్యా."

"ఏం వేరు? అదే మిషను, అదే చెక్క. మరీ అంత భయమైతే ఎలారా!"

నేనూ అక్కడే ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అదే మాట న్యాయంగా అనిపించింది. డబ్బా నేనే ఎంచి తీశాను, సీలు కూడా చూసి మరీ ఇచ్చాను.

పదిరోజులు బాగానే పనిచేసింది. పదకొండో రోజు మధ్యాహ్నం, ఆ బడి వెనకవైపు వరండాలో చిన్నబావ గట్టి చెక్క కోస్తున్నాడు. బ్లేడు మధ్యలో పట్టేసింది. పట్టేసిన మిషను చెక్క మీంచి ఎగిరి వెనక్కి తన్నింది. కోత ఆగగానే దానంతటది కిందికి జారి బ్లేడును కప్పాల్సిన మూత, పొట్టు చేరి పైనే ఇరుక్కుపోయి ఉంది. చెక్క ఆనించి పట్టుకున్న ఎడమ చేతి మీదికి తిరుగుతున్న బ్లేడు వచ్చింది. చూపుడువేలు, దాని పక్క వేలు పోయాయి.

ఆసుపత్రి వరండాలో చిన్నబావ పెళ్ళాం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బావను చూడగానే ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "బావగారూ, మీరు కోసి చూపించారుగా" అంది.  బావ అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఒంటి మీది ఆకుపచ్చ చొక్కా విప్పి పారేద్దామనిపించింది.

మా మేనేజరు సంగతి చెప్పాలి. విషయం చెప్పగానే, "అయ్యయ్యో" అన్నాడు. అరనిమిషం ఆగి, "గ్యారంటీలోనే ఉందిగా" అన్నాడు. మర్నాడు మనిషినిచ్చి చిన్నబావ ఇంటికి కొత్త కట్టర్ పంపించాడు. రెండు వేళ్ళు పోగొట్టుకున్నవాడికి కొత్త డబ్బా! పైగా నా భుజం తట్టి, "మన షాపు మాట మీద నిలబడుతుందయ్యా" అన్నాడు. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. పగలగొట్టలేదు. సరే సార్ అన్నాను.

గాయం మానింది. బడివాళ్ళు పని ఇంకొకరికి ఇచ్చేసుకున్నారు. చిన్నబావ మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. "మిషన్ది తప్పేం కాదు. రెండేళ్ళుగా అన్నయ్య చేతిలో బ్రహ్మాండంగా పనిచేసింది. నాకే చేతకాలేదు. పద్నాలుగేళ్ళూ ఆ పెద్ద మిషనే చేసింది పనంతా, నేను చేశాననుకున్నాను" అన్నాడు. కట్టర్నే కాదు, సుత్తిని కూడా ముట్టుకోవడం మానేశాడు. ఇంట్లో కుర్చీ కాలు ఊడితే పెళ్ళామే మేకు కొట్టుకుంది.

అప్పుడే పాత ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కబురు పంపాడు. ఆయనే సొంతంగా ఒక షెడ్డు పెడుతున్నాడు, అలాంటి పెద్ద మిషనే కొన్నాడు. "ఎడమ చేతికి మూడు వేళ్ళు చాలు ఆ పనికి. నీలాంటి చెయ్యి నాకు ఇంకొకటి దొరకదు, వచ్చే సోమవారానికల్లా రా. రాకపోతే ఇంకొకర్ని పెట్టుకోవాలి" అన్నాడు. చిన్నబావ వెళ్ళనన్నాడు. "నాకు చెక్కపని రాదండీ, రాదని తేలిపోయింది" అన్నాడట ఆయనతో. ఆ మాట విన్నరోజు బావ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఆరోజు నుంచి బావకు ఒకటే పట్టుదల. తప్పు మిషన్దేనని తమ్ముడికి చూపించాలి. షాపువాళ్ళు పంపిన ఆ కొత్త కట్టర్ని ఇంటికి తెచ్చుకుని పెరట్లో బల్ల మీద పెట్టి కోయడం మొదలుపెట్టాడు. గట్టి చెక్క పెట్టాడు, ముడులున్న చెక్క పెట్టాడు. శుభ్రంగా కోసింది. బావకు పిచ్చెక్కినట్టయింది. "ఏమీ లేదేంట్రా దీన్లో? మరి వాడినెందుకు తన్నింది?" అన్నాడు నాతో.

గుమ్మంలో కూర్చుని చూస్తున్న అక్క, "నువ్వు ఆ బొటనవేలితో ఏం చేస్తున్నావు?" అంది.

"ఏ బొటనవేలు?"

"ఎడమది. కోత అయినప్పుడల్లా దాంతో ఆ మూతని కిందికి నెడుతున్నావు. అది దానంతటది పడట్లేదు. మధ్యలో మిషను గొంతు బొంగురుపోయినప్పుడల్లా కాస్త వెనక్కి లాగుతున్నావు కూడా."

బావ మళ్ళీ కోశాడు. ఈసారి నేనూ వేలినే చూశాను. నిజమే. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం మైకు పట్టుకుని ఆ మనిషి పక్కన నిలబడ్డాను, నా కంటపడలేదు. జనం కంటపడలేదు. చేస్తున్నవాడికే తెలియదు! మిషను చెయ్యాల్సిన పని తన వేలు చేస్తోంది, మోటారు లోటు తన చెవి పూడుస్తోంది. పెద్ద మిషను మీద పెరిగిన చిన్నబావకు అలాంటి అలవాట్ల అవసరమే రాలేదు. మంచి మిషనైతే మనిషి దాన్ని నమ్ముకుని పనిచేసుకోవచ్చు, చిన్నబావ ఈ కట్టర్నీ అలాగే నమ్మాడు. ఇలాంటి చవక సరుకును లొంగదీయాలంటే బావలాంటి చెయ్యి కావాలి, అలాంటి చెయ్యి ఉన్నవాళ్ళెవరూ దీన్ని కొనరు. కొనేది కొత్తగా పనిలోకి దిగినవాళ్ళూ, చేతిలో డబ్బు ఆడనివాళ్ళూ. ఇదెక్కడి న్యాయమండీ?

బావ ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి పరిగెత్తాడు. నేనూ వెంట వెళ్ళాను. వేలి సంగతి, మూత సంగతి, గొంతు సంగతి అన్నీ చెప్పాడు. చిన్నబావ ఓపిగ్గా విన్నాడు.

"నన్ను ఓదార్చాలని చెబుతున్నావు అన్నయ్యా."

"ఓదార్పు కాదురా, ఒట్టు!"

"పోనీలే. నీకు ఆ అలవాటు ఉంది, నాకు లేదు. పని రావడమంటే అదే కదా."

బావ దిగ్గున లేచాడు. "ఆదివారం షాపుకు రా. ఆ వేలు కట్టేసుకుని, చెవులు మూసుకుని, నువ్వు తోసినట్టే తోస్తాను. నీ కళ్ళముందే నన్ను తంతుంది. అప్పుడైనా నమ్ముతావా? నమ్మి సోమవారం ఆ షెడ్డుకు వెళ్తావా?"

చిన్నబావ తన ఎడమ చేతివైపు చూసుకున్నాడు. "నిన్ను కూడా తంతే వెళ్తాను" అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో, వద్దు బావా, నీ వేళ్ళు పోతే అక్క గతేంటి అన్నాను. "చెక్కను క్లాంపుతో బల్లకు బిగిస్తాను, రెండు చేతులూ మిషను మీదే ఉంటాయి. తన్నితే చెక్కే పగులుతుంది" అన్నాడు. మేనేజరుకు నేను అసలు సంగతి చెప్పలేదు. ప్రమాదం జరిగినప్పటి నుంచి షాపుకు రాని మేస్త్రి మళ్ళీ వస్తున్నాడని ఆయన బయట బోర్డు కూడా రాయించాడు.

ఆ ఆదివారం ఎన్నడూ రానంత జనం వచ్చారు. చిన్నబావ రంగు డబ్బాల వరస పక్కన, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. బావ ఎడమ బొటనవేలిని అరచేతికి ఆనించి నల్ల టేపు చుట్టమన్నాడు. చుట్టాను. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. నా చేతిలో మైకు లాక్కుని, "ఈ మిషను మా తమ్ముడి రెండు వేళ్ళు తీసింది. ఎలా తీసిందో ఇప్పుడు చూపిస్తాను. అందరూ వెనక్కి జరగండి" అన్నాడు. మా మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

మీట నొక్కాడు. సగం చెక్క దాటాక మోటారు గొంతు బొంగురుపోయింది. నాకు వినపడింది, బావకు వినపడలేదు, తోస్తూనే ఉన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. టప్పున చప్పుడైంది. కళ్ళు తెరిస్తే, తెగిన ముక్క నేల మీద పడి ఉంది. అంచు అద్దంలా ఉంది.

బావ ఇంకో చెక్క బిగించాడు. ఇంకొకటి. నాలుగోది. చొక్కా తడిసిపోయింది. తప్పు చెయ్యడానికి అంతగా కష్టపడిన మనిషిని నేను చూడలేదు. బ్లేడు పట్టేయబోయిన ప్రతిసారీ మోచెయ్యి తనంతట తాను సడలేది, నడుము అంగుళం వెనక్కి జరిగేది. మూత పైన ఇరుక్కుంటే మణికట్టు చిన్నగా ఒక్క విదిలింపు విదిల్చేది, మూత కిందికి పడేది. వేలు కట్టేస్తే మణికట్టు, చెవులు మూస్తే అరచేతికి తెలిసే అదురు. ముప్పై ఏళ్ళ పని ఒంట్లో ఏ మూల దాక్కుందో దాన్ని ఎక్కడని కట్టేస్తాడు?

ఐదో చెక్క కూడా గీత మీదుగా తెగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకేముంది, అందరూ కొట్టారు. మా మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. మైకు అందుకుని, "చూశారుగా! చెవులు మూసుకుని, వేలు కట్టేసుకుని! ఏ పెద్ద కంపెనీ మిషనైనా ఇలా కోస్తుందా?" అని అరిచాడు.

బావ చెవుల్లో దూది పీకి పారేసి, "కొనకండయ్యా! మీకు దణ్ణం పెడతాను, కొనకండి!" అన్నాడు. ముందువరసలో ఒకాయన పకపకా నవ్వి, "భలే తమాషా మనిషివయ్యా మేస్త్రీ" అంటూ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. ఆయన వెనక వరస కట్టారు. మేనేజరు నన్ను బిల్లుల దగ్గరికి తోశాడు. నేను వెళ్ళాను, రాశాను. నన్నేమైనా అనుకోండి.

అక్కడి నుంచే చూశాను. చిన్నబావ జనాన్ని తప్పించుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. కింద పడిన ముక్క ఒకటి తీసి, దాని అంచు మీద వేలు రాసి చూశాడు. మొహంలో కోపం లేదు, బాధ కూడా లేదు. అన్నను చూసి కాస్త గర్వపడుతున్నట్టే ఉన్నాడు. అదే నేను భరించలేకపోయాను.

"చూశావా అన్నయ్యా, నేను చెప్పలా?" అన్నాడు. "మిషన్లో ఏం లేదు."

  చిన్నబావే ఆ నల్ల టేపు కొస పట్టుకుని, మూడు వేళ్ళతో నెమ్మదిగా, నొప్పి పుట్టకుండా, అన్న బొటనవేలికి చుట్టిన చుట్లన్నీ విప్పాడు. "ఇంటికి పద, వదిన అన్నానికి చూస్తుంటుంది" అన్నాడు.

సోమవారం అతను షెడ్డుకు వెళ్ళలేదు.